మోడ్లరాయిట్‌ని చిన్న బెర్లిన్ అనకండి

అమ్మ నా దగ్గరికి వచ్చిన వేసవిలో ఒక శనివారం తనని మోడ్లరాయిట్ తీసుకెళ్ళాను. నేనుండేది జర్మనీలో, న్యూరెంబర్గ్‌లో. అక్కణ్ణించి ఉత్తరానికి, హోఫ్ పట్టణం దాటాక వస్తుందా ఊరు. ఒకప్పుడు తూర్పు, పశ్చిమ జర్మనీల సరిహద్దు ఆ ఊరి మధ్యలోంచి పోయేది. రైలు లేదు, కార్లోనే వెళ్ళాలి. దిగి కాసేపు వాగు పక్కన నిలబడ్డాం. అమ్మ అటూ ఇటూ చూసి, "ఏదే సరిహద్దు?" అంది. వాగు చూపించాను.

"ఇదా? ఈ పిల్లకాలవా? కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఒక్క అంగ వేస్తే అటుపక్కన ఉంటాం కదే!"

నిజమే. వాగు పేరు టన్‌బాఖ్, అంటే ఫర్ చెట్ల వాగు. మా ఊళ్ళో అయితే దానికి పేరు కూడా పెట్టేవాళ్ళు కాదు. ఈ వాగుకి ఇటు బవేరియా రాష్ట్రం, అటు తూరింగియా రాష్ట్రం. రెండు పక్కలా కలిపి సుమారు యాభై మంది జనం, కొన్ని కొట్టాలు, ఒక చెరువు, చుట్టూ గడ్డి మైదానాలు. మధ్యలో తెల్లటి కాంక్రీటు గోడ ముక్క. మనిషి ఎత్తుకి దాదాపు రెండింతలు.

ఇంత చిన్న ఊరికి ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ ఒకటే ముద్దుపేరు ఉంది, చిన్న బెర్లిన్ అని. ఈ దారిన గస్తీ తిరిగిన అమెరికన్ సైనికులు పెట్టారట. ప్రయాణాల పుస్తకాల్లో, టీవీ వార్తల్లో, మనవాళ్ళు పెట్టే వీడియోల్లో అంతా అదే పేరు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఆ పేరు చూసే వెళ్ళాను. మూడుసార్లు వెళ్ళి, అక్కడి బోర్డులన్నీ ఓపిగ్గా చదివాక, ఆ పేరు తప్పని నాకు గట్టిగా అనిపించింది. ఆ పేరు ఊరికి ప్రచారం తెస్తుంది, కాదనను. కానీ ఆ ఊళ్ళో నిజంగా ఏం జరిగిందో దాన్ని మనకి కనపడకుండా చేస్తుంది.

బెర్లిన్ కథ అందరికీ తెలుసు. 1961 ఆగస్టు 12 రాత్రి జనం పడుకున్నారు, 13 తెల్లవారేసరికి ముళ్ళకంచె. ఒక్క రాత్రిలో ఊరు రెండయింది. కథగా చెప్పడానికి చాలా బాగుంటుంది. చెడ్డపని చేసినవాళ్ళెవరో, అది ఏ గంటకి మొదలయిందో వేలు పెట్టి చూపించవచ్చు. మోడ్లరాయిట్‌లో అలా చూపించడానికి ఒక్క రాత్రి లేదు. అక్కడ గోడ ఇరవై ఒక్క ఏళ్ళ పాటు పెరిగింది. మొదట ఒక కాగితం, తర్వాత ఒక చెక్కదడి, ఆ తర్వాతెప్పటికో కాంక్రీటు. నాకు భయం వేసేది ఆ నెమ్మదితనం చూసే.

అసలు గీత గోడ కన్నా ఎంతో పాతది. ఊరి పేరు చివర ఉన్న 'రాయిట్' అంటే అడవి కొట్టి చదును చేసిన నేల. మనం పోడు అంటామే, అలాంటిది. బైరాయిట్ పేరులో ఉన్నదీ అదే మాట. హోఫ్ చుట్టుపక్కల నేలంతా మొదట బైరాయిట్ పాలకుల కింద, తర్వాత ప్రష్యా కింద, నెపోలియన్ యుద్ధాల్లో ఫ్రెంచివాళ్ళ కింద ఉండి, 1810లో బవేరియా రాజ్యం చేతికొచ్చింది. ఆ ఏడాదే వాగు వెంట కొత్త సరిహద్దు రాళ్ళు పాతారు. రాయికి ఒక పక్క బవేరియా రాజ్యం అక్షరాలు, ఇంకో పక్క రాయిస్ సంస్థానం అక్షరాలు. ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. గోడ ఫొటోలు తీసుకునేవాళ్ళు వాటిని చూడకుండానే దాటిపోతారు. మోకాలెత్తు రాయి ఎవరి కంటికి ఆనుతుంది?

అంటే 1810 నాటికే అది రెండు రాజ్యాల ఊరు. పన్నులు వేరు, దొరలు వేరు. అయినా బతుకు ఒకటే. బడి, ఊరివాళ్ళు సాయంత్రం కూడే గాస్ట్‌హౌస్ తూరింగియా పక్కన. ఆదివారం ప్రార్థనకి మాత్రం అందరూ బవేరియాలోని ట్యోపెన్ చర్చికి నడిచి వెళ్ళేవాళ్ళు. పిల్లలు వాగు దాటి బడికి, పెద్దలు వాగు దాటి బీరుకి, అందరూ కలిసి వాగు దాటి దేవుడి దగ్గరికి. 1918లో రాజులు పోయారు, 1920లో రాయిస్ కాస్తా తూరింగియా రాష్ట్రంలో కలిసింది. వాగుకేమీ తేడా రాలేదు. నూటపాతికేళ్ళకి పైగా ఆ గీత ఉండీ లేనట్టే ఉంది.

ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలని నా వాదన. సరిహద్దు ఉండటం వల్లే ఊరు చీలిందని మనం తేలిగ్గా అనేస్తాం. మోడ్లరాయిట్‌లో సరిహద్దు ఉన్నప్పుడు ఊరు చీలలేదు. దాన్ని దాటడానికి ఒకరి అనుమతి కావాల్సి వచ్చినప్పుడు చీలింది.

ఆ అనుమతి ఎలా వచ్చిందో చూడండి. 1944 సెప్టెంబరులో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, లండన్‌లో మిత్రరాజ్యాల ప్రతినిధులు కూర్చుని, గెలిచాక జర్మనీని ఎవరు ఎక్కడ ఏలాలో పటం మీద గీసుకున్నారు. కొత్త గీతలు గీసే ఓపిక, తీరిక వాళ్ళకి లేవు. ఉన్న రాష్ట్రాల ఎల్లలే వాడుకున్నారు. బవేరియా అమెరికాకి, తూరింగియా సోవియట్లకి. 1945 వసంతంలో ఇటు ముందు వచ్చింది అమెరికన్ సైన్యమే. జులైలో ఒప్పందం ప్రకారం తూరింగియాని సోవియట్లకి అప్పగించి వెనక్కి తగ్గింది. రాజుకీ దొరకీ మధ్య ఎవరి పొలం ఎక్కడిదాకా అని తెలియడానికి పాతిన రాయి మీద ఇప్పుడు రెండు ప్రపంచాలు వచ్చి ఆగాయి. లండన్‌లో కూర్చున్న ఎవరికీ మోడ్లరాయిట్ అనే ఊరు ఉందని తెలిసి ఉండదు.

అయినా 1945లోనే ఏమీ కూలిపోలేదు. పొలాలు అటు ఉన్నవాళ్ళు, చుట్టాలు అటు ఉన్నవాళ్ళు పాసు చూపించి వాగు దాటేవాళ్ళు. అలవాటు పడ్డారు. యుద్ధంలో ఎన్ని పోగొట్టుకోలేదు, ఇదొక కాగితం. 1949లో వాగుకి ఇటు పశ్చిమ జర్మనీ, అటు తూర్పు జర్మనీ అని రెండు దేశాలే ఏర్పడ్డాయి. అప్పుడూ వాగు దాటడం ఆగిపోలేదు, ఇంకాస్త కష్టమయిందంతే.

1952 మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దు పొడవునా పది మీటర్ల వెడల్పున నేల దున్ని బోడిగా ఉంచాలి, అందులో అడుగుపెట్టినవాణ్ణి కాల్చవచ్చు. అయిదు వందల మీటర్ల లోపల ఉన్నవాళ్ళకి రాత్రిళ్ళు ఆంక్షలు. అయిదు కిలోమీటర్ల లోపలికి బయటివాళ్ళు ప్రత్యేక అనుమతి లేకుండా రాకూడదు. మోడ్లరాయిట్‌లో ఈ ఉత్తర్వు మనిషెత్తుకి మించిన చెక్కదడి అయింది. బవేరియా పక్క పిల్లలకి తమ బడి, తూరింగియా పక్క వాళ్ళకి తమ చర్చి ఇక లేకుండా పోయాయి. అటు చూడ్డానికీ వీల్లేకుండా పలకలు బిగించారు.

ఇప్పుడు లెక్క చూడండి. బెర్లిన్‌లో 1961 దాకా జనం ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్ళి పనిచేసుకుని వస్తూనే ఉన్నారు. మోడ్లరాయిట్ అంతకి తొమ్మిదేళ్ళ ముందే మూతపడింది. బెర్లిన్ విడిపోయి ఉన్నది ఇరవై ఎనిమిదేళ్ళు, ఈ ఊరు ముప్పై ఏడేళ్ళు. మరి ఎవరిని చూసి ఎవరికి పేరు పెట్టాలి?

1952లో ఇంకో పని కూడా జరిగింది. నా వరకు గోడ కన్నా అదే ఘోరం. ఉత్తర్వు వచ్చిన కొద్ది వారాల్లోనే సరిహద్దు జోన్‌లో 'నమ్మకం లేనివాళ్ళు' అని జాబితాలు రాశారు. పశ్చిమాన చుట్టాలున్నవాళ్ళు, నాలుగు ఎకరాలున్న రైతులు, గాస్ట్‌హౌస్ నడిపేవాళ్ళు, నోరున్నవాళ్ళు. వాళ్ళని పొద్దున్నే లేపి, సామాను సర్దుకోడానికి కొద్ది గంటలిచ్చి, లారీలెక్కించి లోపలి జిల్లాలకి పంపేశారు. తూరింగియా అధికారుల కాగితాల్లో ఈ పనికి పడిన పేరు 'ఉంగెట్సీఫర్'. అంటే పురుగూ పుట్రా, చీడ. 1961లో రెండో విడత. రెండు విడతల్లోనూ కలిపి ఆ సరిహద్దు పొడవునా పదివేల మందికి పైగా ఇళ్ళు పోయాయి. మొదటి విడత జరిగిన నాటికి కాంక్రీటు గోడ ఎక్కడా లేదు. పక్కింటివాళ్ళని చీడ అన్న రోజే ఎక్కువ పని అయిపోయింది, పధ్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన సిమెంటు దానికి మిగతా పని చేసింది.

ఎందుకు చేశారంటే దానికీ ఒక కారణం చెప్పేవాళ్ళు, ప్రతిసారీ చెప్పారు. గూఢచారులు, స్మగ్లర్లు, శాంతి భద్రతలు. అసలు సంగతి జనం వెళ్ళిపోతున్నారు. 1949 నుంచి 1961 దాకా తూర్పు నుంచి పశ్చిమానికి ఇరవై అయిదు లక్షలకి పైగా మనుషులు వెళ్ళారు. డాక్టర్లు, మేస్త్రీలు, పాతికేళ్ళ పిల్లలు. ఆపడానికి మంచి జీతమో మంచి మాటో ఇవ్వలేక దడి కట్టారు.

1966లో దడి స్థానంలో గోడ వచ్చింది. ఏడు వందల మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు. రాత్రి వెలిగే దీపాలు, కాపలా బురుజు, గస్తీ దారి. గోడ కూడా వాగు మీద కట్టలేదు, తూర్పు నేల మీద కాస్త లోపలికి జరిపి కట్టారు. గోడకి ఇవతల, పశ్చిమం వైపు కనిపించే గడ్డి కూడా తూర్పు జర్మనీదే. ఎవరైనా పొరపాటున నాలుగడుగులు ముందుకేస్తే దేశం దాటినట్టే.

అమ్మ ఆ గోడకి చెయ్యి ఆనించి చూసింది. "అవతలివాళ్ళు చెయ్యూపితే?" అని అడిగింది. తూర్పు పక్కవాళ్ళు చెయ్యూపడం నిషేధం. పశ్చిమం పక్కవాళ్ళు ఊపొచ్చు, పిలవొచ్చు, బస్సుల్లో టూరిస్టులుగా వచ్చి బైనాక్యులర్లు పెట్టి చూడొచ్చు. తూర్పువాళ్ళు తల తిప్పకుండా పాల క్యానులు మోసుకెళ్ళాలి. అమ్మ వెంటనే ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "చూసి కూడా చూడనట్టు ఉండాలన్నమాట. వదిన ఎదురుపడ్డా," అంది. మా మేనత్తతో నాన్నకి మాటల్లేకుండా గడిచిన సంవత్సరాలు తనకి గుర్తొచ్చి ఉంటాయి. నేను అడగలేదు.

1972 డిసెంబరులో రెండు జర్మనీల మధ్య ఒప్పందం కుదిరాక సరిహద్దు జిల్లాల్లో ఉన్న పశ్చిమ జర్మన్లు తూర్పుకి ఒక్క రోజు చూపుకి వెళ్ళిరావడానికి వీలు కలిగింది. మంచిదే. కానీ మోడ్లరాయిట్ తూర్పు సగం నిషిద్ధ జోన్‌లో ఉంది. కాబట్టి యాభై అడుగుల దూరంలో ఉన్న బంధువుని చూడాలంటే, ముందు దరఖాస్తు పెట్టుకుని, అధికారిక సరిహద్దు ద్వారం దాకా వెళ్ళి, దాటి, జోన్ బయట ఇంకెక్కడో కలుసుకోవాలి. కలుసుకునే ఊరు ఎవరిదీ కాదు.

1983 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ వచ్చి ఈ గోడ చూసి వెళ్ళాడు. ఆ రోజు నుంచి పేరు మరీ మోగింది. ఫొటోల్లో ఎప్పుడూ గోడే.

తెరుచుకున్న తీరు కూడా బెర్లిన్ లాంటిది కాదు. ఈ మూలకి 1989 నాటి మార్పు మొదట రైళ్ళలో వచ్చింది. ప్రాగ్‌లో పశ్చిమ జర్మన్ రాయబార కార్యాలయం తోటలో గుడారాలేసుకున్న తూర్పు జర్మన్లని ఎక్కించుకుని ప్రత్యేక రైళ్ళు అక్టోబరు 1న హోఫ్ స్టేషన్‌కి చేరాయి. వారం తిరక్కుండా, అక్టోబరు 7న, సరిహద్దుకి తూర్పున ఉన్న ప్లావెన్‌లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. అప్పటికి బెర్లిన్‌లో గోడ తెరవడానికి ఇంకా నెల పైన ఉంది. నవంబరు 9 రాత్రి బెర్లిన్‌లో జనం గోడెక్కి పాడుతున్నప్పుడు మోడ్లరాయిట్ గోడ చెక్కుచెదరకుండా నిలబడే ఉంది. ఇంకో నెల రోజులు అలాగే ఉంది. డిసెంబరు 9న గోడకి ఒక సందు తీసి, నడిచి వెళ్ళడానికి దారి ఇచ్చారు. ఆ నెల రోజుల గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను. ప్రపంచమంతా పండగ చేసుకుంటోంది, వీళ్ళు టీవీలో బెర్లిన్ చూస్తున్నారు, కిటికీ తెరిస్తే గోడ.

అదే డిసెంబరు 9న హోఫ్‌లో ఇంకొక సంగతి జరిగింది. తూర్పు, పశ్చిమాల నుంచి వచ్చిన సుమారు నాలుగు వందల మంది ప్రకృతి ప్రేమికులు కూర్చుని, దాదాపు నలభై ఏళ్ళు మనిషి అడుగుపడని సరిహద్దు పట్టీని అలాగే పక్షులకీ చెట్లకీ వదిలేయాలని తీర్మానం చేశారు. ఇప్పుడు దాన్ని ఆకుపచ్చ పట్టీ అంటారు. బాల్టిక్ తీరం నుంచి చెక్ ఎల్ల దాకా 1,393 కిలోమీటర్లు. మోడ్లరాయిట్ ఆ దండలో ఒక పూస. బెర్లిన్ గోడ ఒక నగరం సగానికి చుట్టూ కట్టిన ప్రహరీ. ఇది దేశం నిలువునా చీలిన గీతలో ఒక మూరెడు. ఈ ఊరిని బెర్లిన్ నమూనాగా చూసినంతకాలం ఆ గీత వెంట ఇలాంటి ఊళ్ళు ఎన్ని ఉన్నాయో, ఎన్ని ఇళ్ళు నేలమట్టమయ్యాయో మనకి తట్టదు.

1990 జూన్ 17న గోడకి బుల్డోజర్ పెట్టారు. ఆ తారీఖు ఊరికే వచ్చింది కాదు. 1953లో అదే రోజు తూర్పు జర్మనీలో కార్మికులు తిరగబడితే సోవియట్ ట్యాంకులు అణిచాయి. గోడంతా కూల్చకుండా సుమారు వంద మీటర్లు ఉంచి, చుట్టూ మ్యూజియం పెట్టారు. గోడ, ఇనుప కంచె, బురుజు, గస్తీ బండ్లు అన్నీ ఆరుబయటే చూడొచ్చు. పాత చెక్కదడి ఎలా ఉండేదో కూడా చూపిస్తారు. చాలామంది దాన్ని దాటేసి గోడ దగ్గరికి పరుగెడతారు. వెళ్ళేవాళ్ళకి నా సలహా, దడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. దాన్ని చూస్తే మీ ఇంటి పెరటి దడే గుర్తొస్తుంది. ఇంత మామూలు వస్తువుతో ఇంత పని జరిగిందా అనిపిస్తుంది.

ఇక్కడ నాతో వాదించేవాళ్ళు ఉన్నారు. ఆఫీసులో ఒక జర్మన్ స్నేహితురాలు, తను తూరింగియా మనిషే, "ఆ పేరు లేకపోతే మీరెవరూ వచ్చేవాళ్ళే కాదు. చిన్న ఊరికి పెద్ద ఊరి పేరు అవసరం," అంది. ఆమె మాటలో నిజం ఉంది. నేను వెళ్ళింది ఆ పేరు చూసే అని పైనే చెప్పాను. కానీ పేరు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆ పేరుకి సరిపోయేదే చూసుకుని వెళ్ళిపోతారు. వంద మీటర్ల కాంక్రీటు, ఒక ఫొటో, 'ఎంత దుర్మార్గం' అని ఒక మాట, తిరిగి కారు. వాగు చూడరు, రాళ్ళు చూడరు. పాసులతో నడిచిన ఏడేళ్ళ గురించి అడగరు. బెర్లిన్ పేరు చెబితే చాలు, చెడు ఎప్పుడూ ఒక రాత్రిలో, బూట్ల చప్పుడుతో వస్తుందనుకుంటాం. మోడ్లరాయిట్‌లో అది మొదట గుమాస్తా చేతిలో రబ్బరు ముద్రగా వచ్చింది. జనం వరుసలో నిలబడి ఆ ముద్ర వేయించుకున్నారు.

ఇంకో మాట ఇక్కడికి వచ్చే మన తెలుగువాళ్ళతో. గోడ ముందు నిలబడగానే చాలామంది 2014 ఎత్తుతారు, మనమూ ఇలాగే విడిపోయాం కదా అని. ఆ పోలిక పొరపాటు. మన రాష్ట్రాల గీత 1810 నాటి రాయి లాంటిది. బస్సులో నిద్రపోతుంటే దాటిపోతుంది. పోలిక తేవాలంటే 2021 మే నెల తేవాలి. కరోనా రోజుల్లో ఆంధ్రా నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్సులని సరిహద్దులో ఆపి అనుమతి పత్రం అడిగారు. హైకోర్టు జోక్యం చేసుకుని ఆ ఆంక్షని నిలిపివేసింది. అది కొద్ది రోజుల సంగతి, కారణం కూడా చిన్నది కాదు, గోడతో దాన్ని తూచను. నేను చెప్పేది ఒక్కటే, రాయి దగ్గర కాగితం అడగడం ఎంత తొందరగా మొదలవగలదో అప్పుడు మన కళ్ళతో మనమే చూశాం.

ఇప్పుడు మోడ్లరాయిట్ ఎలా ఉందంటే, మళ్ళీ 1810లా ఉంది. ఊరు ఒకటయిందని రాస్తారు కానీ, కాగితం మీద ఒకటి కాలేదు. ఇటు సగం బవేరియాలో ట్యోపెన్ పంచాయతీ కింద, అటు సగం తూరింగియాలో గెఫెల్ పట్టణం కింద. పిన్‌కోడ్లు వేరు, ఫోన్ కోడ్లు వేరు. కార్ల నంబరు ప్లేట్ల మీద ఇటు హోఫ్ జిల్లా అక్షరాలు, అటు జాలె-ఓర్లా జిల్లావి. బడి సెలవులు కలవవు. జనవరి 6 ఇటు పండగ, అటు మామూలు రోజు. అక్టోబరు 31 అటు సెలవు, ఇటు పని. ఇటువాళ్ళు 'గ్రూస్ గాట్' అని దేవుడి పేరుతో పలకరిస్తే, అటువాళ్ళు 'గూటెన్ టాగ్' అంటారు. ఎన్నికలొస్తే ఇద్దరు మేయర్లు.

దీన్ని చూసి నవ్వుకునే టూరిస్టులని చూశాను. ఇంకా కలపలేదా అని జాలిపడేవాళ్ళనీ చూశాను. నాకు మటుకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చింది ఇదే. గీత అలాగే ఉంది, దాటేవాడికి అది పట్టడం లేదు. రెండు పిన్‌కోడ్లు, రెండు పండగ క్యాలెండర్లు పెట్టుకుని కూడా ఒక ఊరు హాయిగా ఊరుగా ఉండగలదని నిరూపించడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. మ్యూజియంవాళ్ళు నన్నడిగితే, సందర్శన గోడ దగ్గర మొదలుపెట్టొద్దంటాను. ముందు ఆ మోకాలెత్తు రాయి దగ్గర నిలబెట్టండి, తర్వాత వాగు దాటించండి, తర్వాత దడి, చిట్టచివర గోడ. వచ్చినవాళ్ళు ఆ నెమ్మదిని కాళ్ళతో నడిచి తెలుసుకోవాలి.

వెళ్ళే ముందు అమ్మ అన్నంత పనీ చేసింది. చిన్న వంతెన పక్కనే ఉన్నా అటు వెళ్ళలేదు. గట్టు దిగి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నా చెయ్యి పట్టుకుని ఒక్క అంగ వేసింది. చెప్పు తడిసింది. అటు ఒడ్డున తోటలో మొక్కలకి నీళ్ళు పెడుతున్న పెద్దాయన మమ్మల్ని చూసి చెయ్యూపాడు. అమ్మ కూడా ఊపింది.